కాశ్మీరుకి ఏ నెల కాల్‌షీటు?

తెనాలి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు ఉత్తరం రాశాడు. "సార్! మేం నలుగురు ఫ్రెండ్సుమి. ట్యూషన్లు చెప్పి, క్యాంటీన్లో టీలు మానేసి రెండేళ్ళుగా డబ్బు దాచాం. ఒక్కసారి కాశ్మీరు చూడాలని మా కోరిక. మళ్ళీ వెళ్ళగలమో లేదో తెలీదు. ఏ నెలలో వెళితే సినిమాలో చూసినట్టు ఉంటుందో మీ శీర్షికలో చెప్పండి. మాలో ఒకడు జనవరి అంటాడు, ఇంకొకడు మే అంటాడు. రోజూ కొట్టుకు చస్తున్నాం."

టీలు మానేసి దాచిన డబ్బు! అలాంటి డబ్బుతో అడిగిన ప్రశ్నకి "ఎప్పుడెళ్ళినా బాగానే ఉంటుందిలే బాబూ" అని చేతులు దులిపేసుకోవడం మహాపాపం. అందుకని ఈ వారం స్టూడియో కబుర్లు పక్కన పెట్టేశాను. తారల అభిమానులు ఒక్క వారం ఓపిక పట్టాలి.

అయితే ముందు నాదొక ఎదురు ప్రశ్న. సినిమాలో చూసినట్టు అన్నావు, బాగానే ఉంది. ఏ సినిమాలో నాయనా?

1964లో వచ్చిన 'కాశ్మీర్ కీ కలీ'లో షమ్మీ కపూర్ దాల్ సరస్సు మీద షికారా పడవలో ఎగిరి గంతులేస్తాడు. అది ఒక కాశ్మీరు. 1973లో 'బాబీ' వచ్చింది. ఆ జంట తలుపు వేసుకుని పాడుకున్న చెక్క ఇల్లు గుల్‌మర్గ్‌లో ఉంది, ఇప్పటికీ దాన్ని బాబీ హట్ అనే పిలుస్తారు. 1983లో వచ్చిన 'బేతాబ్' సంగతి మరీ చిత్రం. పహల్గాం దగ్గర ఒక పచ్చటి లోయలో ఆ సినిమా తీస్తే, సినిమా పేరే లోయకి అంటుకుపోయింది. హీరోకి పేరొస్తే చూశాం గానీ, సినిమా మూలాన లోయకి పేరు మారడం ఎక్కడన్నా విన్నామా! ఇక 1992లో 'రోజా' చూసి కాశ్మీరు మీద మనసు పారేసుకున్న మన అన్నయ్యలూ అక్కయ్యలూ లక్షలమంది. పాపం వాళ్ళకి తెలియనిదేమంటే, ఆ మంచు కాశ్మీరు మంచు కాదు. అప్పట్లో అక్కడి గొడవల మూలంగా మణిరత్నం యూనిట్టు మనాలీ లాంటి వేరే కొండల్లో తీసుకొచ్చి చూపించింది.

చెప్పొచ్చేదేమంటే, తెర మీది కాశ్మీరు పన్నెండు నెలల కాశ్మీరు. పల్లవి పూలతోటలో, చరణం మంచులో, మధ్యలో వచ్చే వాయిద్యాలకి ఎర్రటి ఆకులు రాలుతుంటాయి. డైరెక్టరుగారి దగ్గర ఎడిటింగ్ కత్తెర ఉంది. మీ దగ్గర ఉన్నదల్లా రిటన్ టిక్కెట్టు!

మనం చిన్నప్పుడు తెలుగు వాచకంలో వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం అని ఆరు ఋతువులు కంఠతా పట్టాం. పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాం. చూశామా? లేదు. మనకి తెలిసినవి మూడే. ఎండాకాలం, వానాకాలం, స్వెట్టరు బయటికి తీసేలోపు అయిపోయే చలికాలం. కాశ్మీరులో ఆ ఆరూ నిజంగా ఉన్నాయండీ! రెండేసి నెలల చొప్పున, చెప్పినట్టు వస్తాయి. వసంతాన్ని వాళ్ళు సోంత్ అంటారు, శరత్తుని హరుద్ అంటారు, శిశిరాన్ని శిశుర్ అంటారు. పేర్లు వింటేనే మన పేర్లకి చుట్టాలని తెలిసిపోతుంది. కాబట్టి ఏ నెల మంచిది అని అడగడమంటే, ఆరుగురు హీరోయిన్లలో ఎవరు బాగుంటారని అడగడమే. ఆ ప్రశ్నకి జవాబు చెప్పిన వాళ్ళెవరూ ఈ పరిశ్రమలో బాగుపడలేదు. అయినా చెప్తాను.

ముందు జనవరి కుర్రాడి సంగతి చూద్దాం.

డిసెంబరు 21 నుంచి నలభై రోజుల్ని అక్కడివాళ్ళు చిల్లై కలాన్ అంటారు. పెద్ద చలి అన్నమాట. దాని వెనక ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, చిన్న చలి. ఆ వెనక పది రోజులు చిల్లై బచ్చా, పిల్ల చలి. చలికి కూడా అన్న, తమ్ముడు, బుడ్డోడు అని కుటుంబం పెట్టుకున్న జనం వాళ్ళు! పెద్దాయన రోజుల్లో శ్రీనగర్‌లో రాత్రిపూట సున్నాకి అయిదారు డిగ్రీలు కిందికి పోవడం మామూలు. 2024 డిసెంబరులో ఒక రాత్రి మైనస్ 8.5 దాకా దిగింది. కుళాయిల్లో నీళ్ళు గడ్డకడతాయి. దాల్ సరస్సు అంచుల్లో అద్దంలాంటి పొర పడుతుంది. జనం ఫిరన్ అనే పొడుగాటి అంగీ వేసుకుని, దాని లోపల కాంగ్రీ పెట్టుకుని తిరుగుతారు. కాంగ్రీ అంటే బుట్ట అల్లిన మట్టి కుంపటి. కుంపటి పొట్టకి ఆనించుకుని నడివీధిలో నడవడం మన తెనాలి కుర్రాడు ఊహించుకోగలడా?

మంచు చూడాలంటే ఇదే కాలం, అనుమానం లేదు. శ్రీనగర్‌కి యాభై కిలోమీటర్ల దూరంలో, 2,650 మీటర్ల ఎత్తున గుల్‌మర్గ్ ఉంది. అక్కణ్ణుంచి కేబుల్ కారెక్కితే అఫర్వత్ కొండ మీద దాదాపు నాలుగు వేల మీటర్ల దాకా తీసుకుపోతుంది. దాన్ని గొండోలా అంటారు. దాని టిక్కెట్టు ముందే ఆన్‌లైన్లో కొనుక్కోండి. అక్కడికెళ్ళి కొందాంలే అనుకుంటే కింద నిలబడి పైకి చూసి రావడమే. మంచు బాగా పడ్డ రోజుల్లో తంగ్‌మర్గ్ నుంచి పైకి పదమూడు కిలోమీటర్లు చక్రాలకి గొలుసులు కట్టిన బళ్ళలోనే వెళ్ళాలి.

అయితే ఒక సంగతి. జనవరి అనగానే మంచు గ్యారంటీ అనుకోవద్దు. 2024 జనవరిలో గుల్‌మర్గ్ బోసిగా, గోధుమరంగు గడ్డితో కూర్చుంది. స్కీయింగ్ కోసం ఎక్కడెక్కణ్ణుంచో వచ్చినవాళ్ళు ఆకాశం వంక చూస్తూ గడిపారు. నెలాఖరుకి గానీ మంచు పడలేదు. కాబట్టి మంచు మీద ఆశ ఉన్నవాళ్ళకి నా సలహా ఫిబ్రవరి మొదటి సగం. అప్పటికి పడాల్సింది పడి, పేరుకుని ఉంటుంది. పెద్దాయన వెళ్ళిపోయి చిన్న చలి నడుస్తుంటుంది. పగలు కొంచెం పొడుగవుతుంది.

ఈ పగలు అన్నమాట చాలామంది లెక్క వెయ్యరు. సినిమావాళ్ళు మాత్రం మొదట వేసే లెక్క అదే. 'సరిలేరు నీకెవ్వరు' యూనిట్టు కాశ్మీరు వెళ్ళింది 2019 జులైలో. 'ఖుషి' వాళ్ళు వెళ్ళింది 2022 వేసవిలో. ఎందుకంటారు? మంచంటే ఇష్టం లేకనా? జూన్‌లో శ్రీనగర్‌లో పగలు పద్నాలుగు గంటల పైచిలుకు. రాత్రి ఏడున్నర దాటినా వెలుతురుంటుంది. డిసెంబరులో పది గంటలు కూడా ఉండదు. సాయంత్రం అయిదున్నర లోపే సూర్యుడు ప్యాకప్ చెప్పేస్తాడు. కొండ నీడ పడే చోట్ల ఇంకా ముందే. యూనిట్టుకి రోజుకింత ఖర్చు, వెలుతురు ఉన్నంతసేపే షూటింగు. మీ లెక్కా అంతేగా! అయిదు రోజుల ట్రిప్పులో చలికాలం వెళితే, రోజుకి నాలుగ్గంటల వెలుతురు ఇంట్లో వదిలేసి వెళ్ళినట్టే.

పోనీ, ఆ చీకటిపడ్డ సాయంత్రాలు ఏం చెయ్యాలంటారా? సినిమా చూడండి! వెక్కిరింత కాదు. 1990 ప్రాంతంలో అక్కడి హాళ్ళన్నీ మూతపడ్డాయి. మధ్యలో ఒకటి రెండు తెరిచినా నిలదొక్కుకోలేదు. చివరికి 2022 సెప్టెంబరులో శ్రీనగర్‌లో మల్టీప్లెక్సు తెరిచారు. దేశమంతా తమ ఊళ్ళో తీసిన పాటలు చూస్తుంటే, తాము మాత్రం హాలుకెళ్ళి సినిమా చూడలేకపోయిన జనం వాళ్ళు. మార్నింగ్ షోకి చొక్కాలు చించుకునే మనం ఒక్క టిక్కెట్టు అక్కడ తీసుకుంటే తప్పేముంది?

ఇప్పుడు ఏప్రిల్‌కి వద్దాం. దీని గురించి కొంచెం గట్టిగా చెప్పాలి.

జబర్వాన్ కొండల కింద, దాల్ సరస్సుని ఆనుకుని, 2007లో తులిప్ తోట ఒకటి తెరిచారు. కొండవాలు మీద మెట్లు మెట్లుగా లక్షల దుంపలు నాటతారు. ఎరుపు, పసుపు, ఊదా రంగుల్లో బారులు తీరి పూస్తాయి. పాటకి సెట్టింగు వెయ్యక్కర్లేదు, కెమెరా పెడితే చాలు. కానీ ఆ తోట మార్చి చివర తెరిచి, పూలు ఉన్నన్నాళ్ళే ఉంచుతారు. అంటే మూడు, నాలుగు వారాలు, అంతే! ఎండ త్వరగా ముదిరితే ఇంకా ముందే వాడిపోతాయి. మా వీధిలో ఒక గుమాస్తాగారు కొత్తగా పెళ్ళయిన కూతురినీ అల్లుణ్ణీ "తులిప్ స్పెషల్" అన్న ప్యాకేజీ మీద పంపించాడు. అమ్మిన ట్రావెల్స్ పెద్దమనిషి రాసిచ్చిన తేదీలు ఏప్రిల్ 27 నుంచి మే 2. వాళ్ళు వెళ్ళేసరికి తోట గేటుకి తాళం! తిరిగొచ్చి అడిగితే, "పూలు మా చేతుల్లో ఉంటాయాండీ" అన్నాట్ట. పూలు ఆయన చేతుల్లో లేవు, నిజమే. తేదీలు ఉన్నాయిగా! కాబట్టి తులిప్ అన్న మాట ప్యాకేజీలో కనిపిస్తే, పక్కన తేదీ చూడండి. ఏప్రిల్ 1 నుంచి 12 లోపు కాకపోతే సంతకం పెట్టొద్దు.

ఆ పన్నెండు రోజుల్లో ఇంకో గమ్మత్తు ఉంది. కొండ ప్రాంతాల్లో నెల మారాలంటే క్యాలెండరు తిప్పక్కర్లేదు, ఎత్తు మారితే చాలు. శ్రీనగర్ ఉన్నది దాదాపు 1,585 మీటర్ల ఎత్తున. అక్కడ వసంతం వచ్చేసి పూలు పూస్తుంటే, వెయ్యి మీటర్లు పైనున్న గుల్‌మర్గ్‌లో ఇంకా చలికాలం సామాను సర్దుకుంటూ ఉంటుంది. అఫర్వత్ మీదైతే సర్దుకోవడం మొదలే పెట్టదు. పొద్దున పూలతోట, మర్నాడు మోకాల్లోతు మంచు. పల్లవీ చరణమూ రెండూ దొరికే నెల ఇది ఒక్కటే.

మరి లోపం లేదా అంటే ఉంది. మనకి వాన అంటే జూన్ నుంచి. కాశ్మీరు లోయలో ఎక్కువ వాన పడేది మార్చి, ఏప్రిల్‌లలో. పడమటి నుంచి వచ్చే మేఘాలు అవి. రెండు రోజులు విడవకుండా కురిసి మీ తులిప్‌ని తడిపి ముద్ద చెయ్యొచ్చు. అందుకే ఏప్రిల్లో వెళితే ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి, ఒక గొడుగు పెట్టుకోండి.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి. తప్పించుకోకూడదు.

2025 ఏప్రిల్ 22. పహల్గాం పైన బైసరన్ మైదానం. ఆకుపచ్చ గడ్డి, చుట్టూ దేవదారు చెట్లు, వెనక మంచుకొండ. నెల సరిగ్గా ఎంచుకుని వెళ్ళినవాళ్ళే వాళ్ళంతా. సెలవులు చూసుకుని, కొత్త పెళ్ళికూతుళ్ళతో, పిల్లలతో వెళ్ళినవాళ్ళు. తుపాకులతో వచ్చినవాళ్ళు 26 మందిని చంపేశారు. అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వచ్చిన అతిథుల్ని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న అక్కడి గుర్రపువాడూ ఉన్నాడు. ఆ తర్వాత నలభై ఎనిమిది చూడదగ్గ చోట్లని మూసేశారు. జూన్ నుంచి కొన్ని కొన్ని చొప్పున తెరుస్తూ వచ్చారు.

నేను దీని గురించి ఉపన్యాసం ఇవ్వను. ఇంట్లో అమ్మ "ఇప్పుడెందుకురా కాశ్మీరు" అంటే మాత్రం, పాతకాలపు మనిషి అని నవ్వెయ్యకండి. ఆవిడకి కారణం ఉంది. బయల్దేరే వారం ముందు ఏ చోట్లు తెరిచి ఉన్నాయో అక్కడి టూరిజం శాఖని అడిగి తెలుసుకోండి. మూసిన చోటికి "నేను తీసుకెళ్తా పద" అనేవాడి వెంట వెళ్ళకండి. మరో చిన్న విషయం. మన ప్రీపెయిడ్ సిమ్ములు అక్కడ పనిచెయ్యవు, పోస్ట్‌పెయిడ్ అయితేనే మోగుతుంది. నలుగురిలో ఒక్కడైనా పోస్ట్‌పెయిడ్ ఉంచుకుని రోజూ రాత్రి ఇంటికి ఫోన్ చెయ్యండి. అమ్మకి కావలసింది అదే.

ఇక మే కుర్రాడు. ఇతనితోనే నాకు పేచీ.

విజయవాడలో రోడ్డు మీద అప్పడాలు వేగే రోజుల్లో చల్లటి చోటికి పోదామనుకోవడంలో తప్పులేదు. పరీక్షలయ్యేదీ సెలవులిచ్చేదీ అప్పుడే. కానీ ఆ ఆలోచన దేశం మొత్తానికి ఒకేసారి వస్తుంది! దాల్ ఒడ్డున బళ్ళ బారు, గొండోలా దగ్గర మనుషుల బారు, పహల్గాంలో గుర్రాల బారు. ధరలన్నీ ఇంటర్వెల్లో సమోసా ధరలాగా ఉంటాయి. పోనీ చల్లగా ఉంటుందా? ఉంటుంది. కానీ మీరనుకున్నంత కాదు. జూన్‌లో శ్రీనగర్ పగటి ఎండ ముప్ఫై దాకా పోతుంది. 2025 జులై 5న 37 దాటింది. హౌస్‌బోటులో ఫ్యాను కోసం వెతుక్కున్నారు జనం. గుల్‌మర్గ్ పచ్చగా, అందంగా ఉంటుంది గానీ, మంచు కావాలంటే అఫర్వత్ మీదికో, సోన్‌మర్గ్ దగ్గరి తాజివాస్ హిమానీనదం దగ్గరికో పోవాలి. అక్కడా మట్టి అంటుకున్న మంచే. దాని మీద అద్దె బూట్లు, అద్దె కోట్లు వేసుకుని జారే జనాన్ని చూస్తే, ఫస్టు రోజు ఫస్టు షో క్యూ గుర్తొచ్చింది నాకు.

అయినా వేరే దారి లేనివాళ్ళుంటారు. స్కూలు పిల్లలున్న ఇల్లు, మాస్టారి ఉద్యోగం. వాళ్ళు మే మొదటి వారంలోనే వెళ్ళండి. పహల్గాంకి పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చెయ్యకుండా ఒక రాత్రి అక్కడే పడుకోండి. సాయంత్రం బళ్ళన్నీ శ్రీనగర్ తిరిగి వెళ్ళిపోయాక, పొద్దున అవి మళ్ళీ వచ్చేలోపు, లిద్దర్ నది చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. ఆ రెండు మూడు గంటలే మీ డబ్బుకి దక్కే కాశ్మీరు.

జులై, ఆగస్టులు తొందరగా దాటేద్దాం. దాల్‌లో తామరలు పూసేది అప్పుడే, అదొక్కటీ బాగుంటుంది. అమర్‌నాథ్ యాత్ర నడుస్తుంటుంది కాబట్టి పహల్గాం, సోన్‌మర్గ్ దారులు యాత్రికులవి. వాళ్ళ పుణ్యానికి మనం అడ్డెందుకు? పైగా లోయలో వాన తక్కువైనా, కిందనున్న జమ్మూ కొండల్లో మన ఋతుపవనాలే విరుచుకుపడతాయి. 2025 ఆగస్టు చివర ఆ వానలకి జమ్మూ - శ్రీనగర్ రోడ్డు తెగిపోతే, సెప్టెంబరులో ఆపిల్ లారీలు రోజుల తరబడి ఆగిపోయి, పండ్లు లారీల్లోనే కుళ్ళాయి. 2014 సెప్టెంబరులో శ్రీనగరే మునిగింది. ఏటా అలా అవుతుందని కాదు, సెప్టెంబరు రెండో సగానికి ఆకాశం తేటపడుతుంది. చెట్టు మీద ఆపిల్‌ని చూడాలని కోరిక ఉంటే అది సరైన సమయం.

రోడ్డు మాట వచ్చింది కాబట్టి రైలు మాట కూడా చెప్పాలి. 2025 జూన్ 6న కట్రా నుంచి శ్రీనగర్‌కి వందే భారత్ మొదలైంది. మూడు గంటల ప్రయాణం. మధ్యలో చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున వంతెన! ఈఫిల్ టవర్ కంటే ఎత్తు. ఇదివరకు చలికాలం అంటే రోడ్డు మూసేస్తే బనిహాల్ కిందనో పైననో ఇరుక్కోవడమే, విమానం రద్దయితే ఢిల్లీలో పడుకోవడమే. ఇప్పుడు ఢిల్లీ దాకా మన రైలు, అక్కణ్ణుంచి కట్రా, కట్రా నుంచి ఇది. టీ డబ్బులు దాచిన కుర్రాళ్ళకి విమానం టిక్కెట్టు మిగిలినట్టే. ఫిబ్రవరి ట్రిప్పు గురించి ధైర్యంగా మాట్లాడుతున్నానంటే ఈ రైలు చూసుకునే.

ఇక నా నెల చెప్తాను. అక్టోబరు ఇరవై నుంచి నవంబరు అయిదు దాకా.

మీలో చాలామంది మొహం చిట్లించి ఉంటారు. పూలు లేవు, మంచు లేదు, ఆకులు రాలేటప్పుడు వెళ్ళి ఏం చూస్తాం అని. బాబూ, చినార్ చెట్టు పేరు విన్నారా? మర్రిచెట్టంత మాను, మన అరచేతి కంటే పెద్ద ఆకు. వేసవిలో అది మామూలు పచ్చ చెట్టు, ఎవరూ దాని వంక చూడరు. అక్టోబరు చివర పసుపెక్కి, నారింజయి, ఎర్రబడి, ఒకే చెట్టులో మూడు రంగులూ ఉంటాయి. 1619లో జహంగీరు వేయించిన షాలిమార్ తోట, దాని పక్కన నిషాత్ తోట, కాశ్మీరు యూనివర్సిటీలో ఉన్న నసీమ్ బాగ్. నసీమ్ బాగ్‌లో ఆ ఆకుల మీద నడుస్తుంటే అప్పడాలు నమిలిన చప్పుడు. అక్కడి కాలేజీ పిల్లలు పుస్తకాలు పక్కన పడేసి ఆకుల్లో కూర్చుని కబుర్లాడుతుంటారు. నేను వెళ్ళిన రోజున నలుగురు అమ్మాయిలు రాలిన ఆకుల్ని దోసిళ్ళతో ఎగరేసి ఫోటోలు తీసుకుంటున్నారు. మన డ్యాన్సు డైరెక్టర్లు ఎవరూ లేరు అక్కడ. అయినా టైమింగు తప్పలేదు!

సాయంత్రమయ్యేసరికి ముసలమ్మలు వచ్చి ఆ ఆకుల్ని చీపుళ్ళతో పోగుచేసి నిప్పు పెడతారు. తోట నిండా పొగ. చెత్త తగలబెడుతున్నారనుకునేరు. కాదు, అవి బొగ్గవుతున్నాయి. జనవరిలో కాంగ్రీలో వేసుకునే బొగ్గు అది. శరత్తులో రాలిన ఆకు శిశిరంలో వాళ్ళ పొట్ట దగ్గర వెచ్చగా ఉంటుందన్నమాట.

ఆ రోజుల్లోనే శ్రీనగర్‌కి దగ్గర్లో, జాతీయ రహదారి పక్కన, పాంపోర్ పొలాల్లో కుంకుమపువ్వు పూస్తుంది. నేల మీద జానెడు ఎత్తున ఊదారంగు పువ్వు. రెండు మూడు వారాల పంట అది. పొద్దున్నే మంచు ఆరకముందే ఇంటిల్లిపాదీ వంగి కోస్తారు. ఒక్కో పువ్వులో మూడే ఎర్రటి కేసరాలు. కిలో కుంకుమపువ్వు కావాలంటే సుమారు లక్షన్నర పూలు కొయ్యాలి. ఆ లెక్క తెలిశాక పెళ్ళిపందిట్లో పాల గ్లాసులో రెండు పోగులు చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. గట్టు మీద నిలబడి చూడండి, పొలంలో పువ్వు తొక్కకండి.

వాన తక్కువ. పగలు ఇరవై డిగ్రీలు, రాత్రి అయిదారు. జనం పల్చబడతారు కాబట్టి హౌస్‌బోటు బేరానికి దిగుతుంది. దసరా ఆలస్యంగా పడే ఏడాదైతే సెలవులు కూడా కలిసొస్తాయి. 2023లో దసరా అక్టోబరు 24న వచ్చింది చూడండి, అలాంటి ఏడాది. అక్టోబరు మొదట్లోనే దసరా వస్తే చినార్ ఇంకా పచ్చగానే ఉంటుంది, తొందరపడి వెళ్ళి నన్ను తిట్టుకోకండి.

లోపం? పగలు కురచ అవడం మొదలవుతుంది. గుల్‌మర్గ్ ఎండుగడ్డిలా ఉంటుంది. అటు వెళ్ళక్కర్లేదు, ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఇంతకీ తెనాలి కుర్రాడూ, మీ నలుగురి తగువు తీరాలంటే ఒక పని చెయ్యండి. ఒకరికొకరు చూపించుకోకుండా, నాలుగు కాగితాల మీద, కాశ్మీరు అనగానే కళ్ళ ముందు మెదిలే ఒక్క దృశ్యం రాయండి. నెల పేరు రాయొద్దు, దృశ్యమే. మూడు కాగితాల్లో మంచు ఉంటే ఫిబ్రవరి మొదటి సగం, రైలుకి. ఆకులో, కుంకుమపువ్వో, ఊరికే పడవలో కూర్చోవడమో ఉంటే అక్టోబరు చివర. నాలుగూ నాలుగు రకాలుగా ఉంటే ఏప్రిల్ మొదటి పన్నెండు రోజులు, ఒక రోజు ఎక్కువ పెట్టుకుని. ఎవడైనా చల్లగాలి అని రాస్తే, వాణ్ణి మేలో అరకు పంపించండి. తక్కువలో పోతుంది.

స్వెట్టర్లు మాత్రం తెనాలిలో కొనకండి. మన దుకాణాల్లో దొరికేవి మన చలికి కుట్టినవి. శ్రీనగర్ లాల్ చౌక్‌లో దిగి, మొదటి సాయంత్రమే, తలా ఒక ఫిరన్ కొనుక్కోండి.